బొట్టు పెట్టని కంపెనీ

బీబీనగర్ గోదాం

ఆలేరు నేత సంఘం లీడర్ శ్రీమతి సుగుణమ్మ గారికి నమస్కారాలు.

నేను లూండెన్ పరదాల కంపెనీకి కొత్తగా వచ్చిన మేనేజర్‌ని. మీ వాడలో మగ్గాలన్నీ ఆగిపోయాయని తెలిసింది. దసరాలోపు డెన్మార్క్‌కి పరదాలు పంపకపోతే హెడ్డాఫీసు ఈ ఆర్డరు వేరే దేశానికి ఇచ్చేస్తుంది. మీ పనీ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. మొన్న మా కొత్త షెడ్డు ప్రారంభానికి మీలో ఒక్కరూ రాలేదు. బిర్యానీ అంతా మిగిలిపోయింది. మీ మనసులో ఏముందో దాచకుండా రాయండి.

ఇట్లు, మీ మేలు కోరే
నవీన్‌కుమార్

తా.క. నేను చాలా కఠినమైన మనిషిని. ఇప్పటికే ఒక చర్య తీసుకున్నాను. ఏమిటో చెప్పను.

ఆలేరు

మేనేజర్ సారుకు సుగుణమ్మ దండాలు పెట్టి రాసేది.

దాచకుండ రాయమన్నరు గద, రాస్తున్న. అలిగినం సారూ. ఫోన్ల మెసేజ్ కొడితె పిలుపైతదా? గడప తొక్కి, బొట్టు పెట్టి పిలవాలె. మీ బిర్యానీకి ముకం వాచిపోయి ఉన్నమా మేము? పిలవని పేరంటానికి మా వాడల కుక్క సుత పోదు.

ఉంటా మరి,
సుగుణమ్మ

తా.క. మా డ్రైవర్ పరమేష్ లారీని మీ గేటు కాడ నిలవెట్టిన్రట. పెండ్లాం మల్లిక ఒక్కతీరుగ ఫోన్ చేస్తాంది. జర పాపం, ఆయనకు చాయ పోయుండ్రి.

బీబీనగర్

గౌరవనీయులైన సుగుణమ్మ గారికి,

మీ ఉత్తరం హెడ్డాఫీసుకు పంపాను. మా పెద్ద మేడం మార్తా గారు బొట్టుకు ఖర్చెంత అని అడిగారు. జీతం పెంచడం కన్నా చాలా చవక అన్నాను. వెంటనే ఒప్పుకున్నారు. కాబట్టి ఆదివారం నేనే కుంకుమ డబ్బా పట్టుకుని వస్తాను. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లందరికీ నా చేత్తో బొట్టు పెడతాను. ఇక సంతోషమేగా?

ఇట్లు, మీ
నవీన్‌కుమార్

తా.క. వాడ మొత్తానికి కిలో కుంకుమ సరిపోతుందా? కొటేషన్లు తెప్పించాలి.

ఆలేరు

సారూ, దండాలు గని, జర ఆగుండ్రి!

పరాయి మొగోడు వచ్చి మా నొసట్ల బొట్టు పెడతడా? సిగ్గు లేకపాయెనా? మీ ఉత్తరం చదివినకాడి నుంచి మా ఆయన రాజం కట్టె పట్టుకొని గడపల కూసున్నడు. బువ్వకు సుత లేస్తలేడు. మీ దిక్కు ఆడమనిషే లేదా? ఉంటె ఆమెను తోలుండ్రి.

మీ బాగు కోరి రాసిన
సుగుణమ్మ

తా.క. పరమేష్ మీ గేటు కాడ్నే పొయ్యి పెట్టిండట. మీ వాచ్‌మెన్‌కు బువ్వ వండి, పచ్చిపులుసు పోసి పెట్టిండట. చాయకు సుత దిక్కు లేదా మీ కంపెనీల?

బీబీనగర్

అమ్మా సుగుణమ్మ గారూ,

నాకింకా పెళ్లి కాలేదు. అందుకే మార్తా మేడమే విమానమెక్కి వచ్చారు. ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి మళ్లీ విందుకు పిలిచారు. అందరూ వచ్చారు, తిన్నారు, ఫొటోలు దిగారు. అయినా ఒక్క మగ్గం కదలడం లేదు! మేడమేమో మీ ఇంట్లోనే ఉండిపోయారు. నా ఫోన్ ఎత్తడం లేదు. ఇంకా ఏం కోపమమ్మా? నాకు ఏడుపొస్తోంది.

మీ దయ కోరే
నవీన్

తా.క. పచ్చిపులుసు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

ఆలేరు

బిడ్డా నవీనూ,

కోపం మార్తమ్మ గడప తొక్కిన్నాడే పోయింది. గని మర్యాద మర్యాదే, నూలు నూలే. పరమేష్ లారీల ఉన్నది మా నూలు, కొడుకా! నూలు అయిపోయి మగ్గాలు ఆగినయ్. మగ్గాలు ఆగినయని నువ్వు నూలే ఆపినవ్. గాలితోని నేయాల్నా పరదాలు? గేటు నీదే, లారీ నీకోసమే తిరిగేది, అండ్ల ఏమున్నదో నీకు ఎరికేనేమో అనుకున్న. మనసుల ఏమున్నదో రాయమన్నవ్. మగ్గం మీద ఏమున్నదో ఒక్కపారన్న అడిగినవా?

ఖాళీ మగ్గం చూసి, నీ ఉత్తరాలు చదివిపిచ్చుకొని, మార్తమ్మ నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. నీ నౌకరికి ఏం గాదంటాంది. లారీ తోలు. పండుగలోపట పరదాలు నేసి ఇచ్చే పూచీ మాది, ఫికర్ చెయ్యకు.

నీ పెద్దమ్మ అసుంటి
సుగుణమ్మ

తా.క. మార్తమ్మ మా బర్రెకు, కరెంటు మీటరుకు సుత బొట్టు పెట్టింది. బిల్లు తగ్గుతదేమో చూడాలె.

ఇంకో మాట. నిన్ను పండుగకు పిలవనీకె మా రాజం కుంకుమ భరిణె పట్టుకొని బస్సెక్కిండు. బొట్టు పెట్టిపిచ్చుకొని, గదే లారీల కూసొని రా. భయపడకు, కట్టె ఇంటికాడ్నే పెట్టి పోయిండు.