వీపు మీది గాయం

పెదనాన్న గారికి,

ఫిలాగ్రోస్ అన్న చితి దగ్గరికి మీరు రాలేదని నేను కాలు విరిగి ఉండిపోయిన ఈ రేవుకి వచ్చిన నావికులు చెప్పారు. “వీపున ఈటె దిగినవాడు నా కొడుకు కాడు” అన్నారట. చావు విందులో గాయకుడు కూడా వీరులందరి గురించీ పాడి, అన్న పేరు వదిలేశాడట.

ఇన్నాళ్లూ రాయకపోవడానికి విరిగిన కాలు కారణం కాదు. సిగ్గు.

ఆ రోజు శత్రువులు గట్టు మీదికి ఎక్కిరాగానే నేను డాలు పారేసి మన పడవల వైపు పరుగెత్తాను. రాళ్లలో పడి కాలు విరిగింది. అన్న మంటల పొగలోంచి నాకోసం వెనక్కి వచ్చాడు. తరుముకొచ్చిన ఇద్దరినీ ఎదురు నిలిచి పడగొట్టి, తన డాలు కింద పెట్టి, నన్ను రెండు చేతులా ఎత్తుకున్నాడు.

“ఇంత బరువేంట్రా! మా అమ్మ చేసిన జున్నంతా నువ్వే మింగావా? ఏడవకు, నా మెడ పట్టుకో.”

నవ్వుతూ పడవల వైపు నాలుగడుగులు వేశాడు. అప్పుడే వెనకనుంచి ఈటె వచ్చింది. నేను ఆయన గుండెకు ఆని ఉన్నాను కాబట్టి ఆయన వీపు శత్రువుల వైపు ఉంది. పొగలో ఇది ఎవరికీ కనబడలేదు. మనవాళ్లు వచ్చి శత్రువులను తరిమాక “ఏం జరిగిందిరా?” అని అడిగితే నేను నోరు విప్పలేదు.

వెన్ను చూపినవాణ్ణి నేను, పెదనాన్నా. అన్న సమాధి మీద రాయి నిలబెట్టండి. గాయకుణ్ణి పిలిచి, నేను ఈ ఉత్తరం గీకిన సీసపు రేకును ఊరందరి ముందు చదివించండి. కొత్త పాట కడితే, అందులో నా పేరు దాచవద్దని చెప్పండి.