పంచె చెప్పిన సాక్ష్యం

శేషన్నా,

మిలిటరీ పింఛను అప్పీలు ఒప్పుకున్నారు. నా ఒళ్లునొప్పులకు ఫైబ్రోమయాల్జియా అని పేరు రాసిన కాగితం నిన్న వచ్చింది.

ముందు రెండుసార్లు అర్జీ కొట్టేసినారంటే తప్పు నాదే. డాక్టరు ఎట్లుండావంటే, అలవాటుకొద్దీ నిటారుగా నిలబడి "బాగుండాను సార్" అంటి. మూడోసారీ అదే అంటి.

ఎమ్మిగనూరులో నీ మగ్గం మీద నేను నేసిన పంచె పనికిరాదని పక్కన పడేసినావే, దాన్ని నీ మరదలు హేమలత డాక్టరు బల్ల మీద పరిచింది.

"ఈడ దట్టంగా ఉంది, నొప్పి లేనప్పుడు నేసినాడు సార్. ఈడ పలచబడింది, చెయ్యి లేవని రోజుది" అనింది.

ఆయన రెండుచోట్లా తడిమి చూసి, నన్ను కూర్చోబెట్టి మళ్లీ అడిగినాడు. అప్పుడు అంతా చెప్పినాను.

పంచె తిరిగి పంపను, ఏమనుకోవద్దు.

పొద్దున ఆదోని బస్టాండులో మన ఊరి ఉచ్చీరప్ప ఎట్లుండావంటే, "బాగలేదప్పా" అన్నాను. ప్రాణం తేలికయింది.

నీ తమ్ముడు