రెండో ప్లాట్‌ఫాం మీద వెన్నెల

జనగామ,
మంగళవారం.

చెల్లె జ్యోత్స్నకు,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ అవ్వా కుశలమే. అక్కడ నువ్వు, మరిది రాంచందర్, దీప ఆరోగ్యంగా ఉన్నారని నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది. చేతిలో ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని మొదట ఆశ్చర్యపోయాను. “ఫోన్ చెయ్యకు, నీ చేత్తోనే రాసి పంపు” అన్న మాట కింద రెండు గీతలు గీశావు. సరే, చేత్తోనే రాస్తున్నాను.

అడిగినవాటికి వరసగా చెప్తాను. అవ్వ మోకాలి నొప్పి తగ్గింది. పోయిన నెల దవాఖానకు తీసుకుపోతే కింద కూర్చోవద్దన్నారు. బాపు పోయాక తను ఎవరి మాట వింటుంది? పొద్దున లేస్తే నేల మీదే ఉంటుంది. నువ్వు పంపిన ఎండు చేపలు పదిరోజులు వచ్చాయి. మరిదికి గనిలో షిఫ్టు మారి పగలంతా ఇంట్లోనే ఉంటున్నాడని రాశావు. ఆ ఒక్క ముక్క తర్వాత ఇంకేమీ రాయలేదు. నేనూ అడగను.

“నీ నౌకరి ఏందో ఎన్నిసార్లు చెప్పినా నాకు సమజ్ కాదక్కా” అన్నావు. మళ్లీ చెప్తాను. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ ఫోన్‌లో ఆడే కథలు తయారుచేస్తుంది. తెర మీద బొమ్మ వస్తుంది, కింద మాటలు వస్తాయి. చదువుకుంటూ పోవాలి. అక్కడక్కడ కథ ఆగి, ఇప్పుడు ఈ పిల్ల ఏం చేయాలో చెప్పమంటుంది. ఆడేవాళ్లు ఏది నొక్కితే కథ అటు మళ్లుతుంది. నాకు అప్పజెప్పింది ఇంటర్ చదివే ఐదుగురు పిల్లల్ని. వాళ్ల పేర్లు, ఇళ్లు, భయాలు, మాట తీరు నేనే పుట్టించాలి. ఎవరికి ఎవరి మీద ఇష్టం కలుగుతుందో, అది ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో ఒక్కొక్కరికి ఒక్కొక్క దారి వేయాలి. ప్రైవేటు బడిలో ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పిన నాకు, ఇంట్లో కూర్చుని కథలు రాయమంటే పండగే అనిపించింది.

నలుగురు పిల్లల్ని రాసి పంపాను. మా పెద్దసారు చదివి, “పిండిబొమ్మల్లా ఉన్నారండీ. ఐదో అమ్మాయి దగ్గరైనా మీరు నిజంగా చూసిన మనిషిని పెట్టండి” అన్నాడు. చూసిన మనిషి అనగానే నాకు నువ్వు తప్ప ఎవరూ గుర్తుకు రాలేదు. పదహారేళ్ల నువ్వు. నీలం యూనిఫాం, నూనె పెట్టి బిగించిన రెండు జడలు, నవ్వొస్తే పుస్తకం అడ్డం పెట్టుకోవడం. పేరు మాత్రం మార్చాను. జ్యోత్స్నను వెన్నెల చేశాను. అదీ ఒక మార్పేనా? వెన్నెల మన మాటే మాట్లాడాలని పట్టుబట్టాను. నాయికకు ఆ యాస వద్దు, హాస్టల్ వంటమనిషికి పెట్టండి అన్నాడాయన. వారం రోజులు పోట్లాడి గెలిచాను. నీ యాస కోసం అంత ధైర్యంగా నిలబడ్డందుకు అప్పుడు నా మీద నాకే గౌరవం కలిగింది.

ఇక దీప గురించి నువ్వు రాసిన పేజీ. దాన్ని నాలుగుసార్లు చదివాను. ఆదివారం క్వార్టర్స్ పిల్లలు ఇద్దరు వచ్చారని, దీపతో కలిసి మంచం మీద ఫోన్ చుట్టూ మూగి నేను రాసిన ఆటే ఆడారని, నువ్వు పక్కనే కూర్చుని పప్పు ఏరుతున్నావని రాశావు.

“అమ్మా, గీ పోరిని జూడు. పొద్దటి సంది స్టేషన్ల నిలవడ్డది. వాడస్తడనుకుంటాంది. మల్ల రాకుండ జేస్త సూడు” అని దీప నవ్వుతూ ఫోన్ నీ వైపు తిప్పిందట. వెన్నెల కళ్లు తుడుచుకుంటుంటే పిల్లలు ముగ్గురూ పకపకా నవ్వారట. దీప వెనక్కి వెళ్లి మళ్లీ అదే నొక్కిందట. మూడుసార్లు.

“నా కడుపున పుట్టినదే నన్ను నిలవెట్టి నవ్వింది అక్కా” అని రాశావు. దీపను ఏమీ అనకు. అక్కడ ఆ పిల్లను నిలబెట్టే వీలు నేనే పెట్టాను. ఆడేవాళ్లలో ఎక్కువమంది ఆ అబ్బాయి రాకూడదనే నొక్కుతారని ముందే తెలిసి పెట్టాను. వస్తే ఒక చిన్న సంతోషం, రాకపోతే పెద్ద ఏడుపు. ఏడుపును నేను చాలా బాగా రాశాను.

ఇక నీ చివరి ప్రశ్న. ఆటలో ఆ అబ్బాయి వెన్నెలకు రాసిన మొదటి ఉత్తరంలో ఒక మాట ఉంది. ఆ మాట పదిహేనేళ్ల కింద జీవన్ నీకు రాసిన మొదటి ఉత్తరంలోది. ఆ ఉత్తరాన్ని నువ్వు చదివిన రోజే పొయ్యిలో వేశావు. నాకు కూడా చూపించలేదు. “గా మాట నీకెట్ల తెల్సింది అక్కా” అని అడిగావు. వాక్యం చివర చుక్క కూడా పెట్టలేదు.

జ్యోత్స్నా, కింది వాక్యం ఎడమచేత్తో రాస్తున్నాను.

నీ చెప్పు తెగిన రోజు నుంచి నా కాళ్లకు చెప్పులు బరువైనయ్.

చూశావు కదా, అవే వంకర అక్షరాలు. చేత్తో రాయమని నువ్వు ఎందుకన్నావో నాకు మొదటిసారి చదివినప్పుడే అర్థమైంది. జీవన్ పేరుతో నీకు వచ్చిన నాలుగు ఉత్తరాలూ నేనే రాశాను. నువ్వు కాలేజీకి పోయేముందు నీ లెక్కల పుస్తకంలో పెట్టింది నేనే. నువ్వు జవాబులు రాసి ఊరి గ్రంథాలయం బీరువా వెనక పెడితే, తీసుకున్నది నేనే.

ఎందుకు చేశావంటే ఏం చెప్పను? నీ మీద కోపంతో చేశానంటే నువ్వు కొంతైనా నమ్ముతావు. కోపం లేదు. జీవన్ మీద నాకు మనసూ లేదు. పరుగు పందేల్లో వాడి పేరు మైకులో వినబడింది కాబట్టి ఆ పేరు వాడుకున్నాను. మొదట ఊరికే ఏడిపిద్దామనుకున్నాను. ఆ సాయంత్రం నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని ఆ కాగితం చదవడం తలుపు సందులోంచి చూశాను. నేను రాసిన మాటకు ఒక మనిషి మొహం మారిపోవడం నేను చూసింది అదే మొదటిసారి. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నాకు, నేనూ ఒక పని చేయగలనని ఆ రోజు తెలిసింది. ఆ మొహం మళ్లీ చూడాలని రెండోది రాశాను. మూడో ఉత్తరంలో నిన్ను కొంచెం బాధపెట్టాను, ఏడుస్తావేమో చూద్దామని. ఏడ్చావు. నాలుగో ఉత్తరంలో శనివారం పదకొండు గంటలకు మహబూబాబాద్ స్టేషన్ రెండో ప్లాట్‌ఫాం మీదికి రమ్మన్నాను. నిజంగా వస్తావా అని చూడాలనిపించింది.

వచ్చావు. నేను పాదచారుల వంతెన మీద నిలబడి ఉన్నాను. నువ్వు టిఫిన్ డబ్బాలో వాడి కోసం ఏదో తెచ్చావు. రెండు రైళ్లు వచ్చి వెళ్లాయి. ప్రతి రైలు దగ్గరా నువ్వు జడ సరిచేసుకున్నావు. కిందికి దిగి వచ్చి, నవ్వి, ఇంటికి పోదాం పద అనాల్సింది. ఇంకాసేపు చూద్దామనుకున్నాను. ఈలోగా బాపుతో పాటు మార్కెట్‌లో బస్తాలు మోసే చత్రు నిన్ను చూశాడు.

ఆ తర్వాతిది నీకు తెలుసు. నీకు తెలియనిది ఒక్కటే, నాకు ఎలా ఉందో. బాపుకు చదువు రాదు. నీ సంచిలో దొరికిన మూడు కాగితాలూ నా చేతికిచ్చి, “సదువు బిడ్డా. ఒక్క అక్షరం ఇడువకు” అన్నాడు. నువ్వు గోడకు ఆనుకుని కూర్చున్నావు. అవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. నేను రాసిన ఉత్తరాలను నేనే, మొదటి నుంచి చివరి దాకా, బాపుకు చదివి వినిపించాను. ఒక్క అక్షరం వదల్లేదు. రెండో ఉత్తరం చదువుతుంటే ఒకచోట, ఇది బాగా కుదిరింది అనుకున్నాను కూడా. ఇన్నేళ్లూ నన్ను నిద్రపోనివ్వనిది అదే.

“ఎవడు వాడు?” అన్నాడు బాపు. కాగితం కింద పేరు ఉంది. చదివాను.

సాయంత్రం బాపు, చత్రు, ఇంకో నలుగురు పోయి జీవన్‌ను వాళ్ల మేనత్త ఇంట్లోంచి ఈడ్చుకొచ్చి కొట్టారు. వాడు “నాకు తెల్వది, నేను రాయలే” అని మొత్తుకుంటుంటే, అబద్ధమాడుతున్నాడని ఇంకా కొట్టారు. నీ పరీక్షలు పోయాయి. ఎండాకాలం రాకముందే పన్నెండేళ్లు పెద్దవాడికి నిన్నిచ్చి భూపాలపల్లి పంపారు. పెళ్లిలో నీ జడ నేనే వేశాను. “వాడు రాయలేదని మాట తప్పిండు అక్కా. గంత పిరికోడా?” అని నా చెవిలో అన్నావు. నేను పూలు గుచ్చుతూనే ఉన్నాను.

నీ ఉత్తరం అందిన రోజే పెద్దసారుకు ఫోన్ చేసి ఆ వాక్యం తీసేయమన్నాను. “అందరూ స్టేటస్ పెట్టుకుంటున్నది ఆ వాక్యమేనండీ. అదెలా తీస్తాం?” అన్నాడు. వెన్నెల దారే మొత్తం తీసేయమంటే నవ్వాడు. ఉద్యోగం మానేశాను. ఏమీ మారలేదు. రెండో భాగంలో వెన్నెల పెళ్లయ్యాక ఏమవుతుందో ఇప్పుడు ఇంకెవరో కుర్రాడు రాస్తున్నాడు. అతను నిన్ను చూడనైనా చూడలేదు.

అవ్వకు కూడా చెప్పాను. కుశలమే అని పైన రాసింది అలవాటుగా వచ్చిన అబద్ధం. అంతా విని అవ్వ అడిగింది ఒక్కటే. “మీ బాపు సదువుమనంగనే సదివినవ్ గదనే. గప్పుడు నీకు నోరెట్లొచ్చింది?” ఆ రోజు నుంచి నా చేతి అన్నం ముట్టడం లేదు. పక్కింటి రుక్కి అక్క దగ్గర తింటోంది. నీ దగ్గరికి వస్తానంటోంది. పంపిస్తాను.

నిన్న కాటారం వెళ్లాను. దారిలో మీ భూపాలపల్లి బస్టాండులో బస్సు పావుగంట ఆగింది, నేను దిగలేదు. జీవన్ అక్కడే వరికోత మిషన్ నడుపుతున్నాడని కనుక్కున్నాను. పొలం గట్టు మీద అన్నం తింటున్నాడు. మహబూబాబాద్ మార్కెట్ హమాలీ పోశాలు బిడ్డనని బాపు పేరు చెప్పబోయాను.

“జర ఇటు దిక్కొచ్చి చెప్పు. గా చెవు వినవడది” అన్నాడు.

కుడివైపు వెళ్లి నిలబడి మొత్తం చెప్పాను. మధ్యలో తినడం ఆపాడు, చేయి కడుక్కోలేదు. “పోలీసు నౌకరికి ఉరికిన. అందరికన్న ముందచ్చిన. గీ చెవు కాడ తీసేసిన్రు” అన్నాడు. నేను ఏడవడం మొదలుపెడితే, “ఏడువకు. నువ్వేడిస్తె నేనేం జెయ్యాలె?” అన్నాడు.

“మీ చెల్లెనే రాసుకొని, దొరికినంక నా మీద పెట్టిందనుకున్న ఇన్నేండ్లు. యాడున్నా మంచిగుండొద్దని మొక్కిన.”

“దాని తప్పేం లేదు. అది నీ కోసమే స్టేషన్‌కు వచ్చింది” అన్నాను.

“నాకోసమా? నాతోని ఒక్కనాడు మాట్లాడలేదు గద!” నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. కళ్లు చిన్నవి చేసి పొలం వైపు చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. “లే. ఆమె మొకం సుత యాదికొస్తలేదు.”

అన్నం డబ్బా మూసి, మిషన్ ఎక్కి, నేను ఇంకా అక్కడే ఉండగానే కోత మొదలుపెట్టాడు.

నువ్వు ఎలా ఉన్నావని అతను అడగలేదు. ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నీకు నచ్చేలా ఒక మాట కల్పించి అతని నోట పెట్టడం నాకు క్షణం పని. ఆ పని ఇక చేయను. పదిహేనేళ్లుగా నిన్ను ఒకడు ప్రేమించి మోసం చేశాడని అనుకుంటున్నావు. నిన్ను మోసం చేసినవాడు లేడు. ప్రేమించినవాడూ లేడు. కాలేజీ గేటు దగ్గర తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఎవరైనా చూశారేమోనని నువ్వు సిగ్గుపడుతూ నడిచిన రోజు నిన్ను చూసింది నేనొక్కదాన్నే.

ఇట్లు,
నీ తోడబుట్టినది,
స్రవంతి.