పచ్చ సంచి అందరికీ

అమ్మకు,

నీ పెద్దకూతురు దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ చెల్లీ అక్కడ బాగున్నారని అనుకుంటే తప్ప నా కలం కదలదు, అందుకని అలాగే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మొన్న అందింది. అట్టముక్కల మీద బొగ్గుతో నేను దిద్దించిన అక్షరాలు ఇప్పుడు రెండు పేజీలు నడిచాయి. క్లినిక్‌లో అందరికీ చూపించాను. "మా అమ్మ రాసింది" అంటే, "ఎంతవరకు చదువుకుంది?" అని అడిగారు. "నేను చదివినంతవరకు" అన్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. బూట్లు కరవడం మానేశాయి. పూట పూటకీ తింటున్నాను, నర్సమ్మ నా డబ్బా మూత తీసి చూసి మరీ తినిపిస్తుంది. "సూది గుచ్చే పని కదా, నీకు అంటుకోదా?" అని అడిగావు. చేతికి తొడుగు ఉంటుంది, ఒక మనిషికి వాడిన సూది ఇంకో మనిషికి వాడం. ముట్టుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు. నీకు తెలియనిదా? చెల్లి తాగిన గ్లాసులోనే నువ్వూ తాగుతున్నావుగా.

ఇక నీ చివరి ప్రశ్న. "ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడా? ఉంటే వాడి జోలికి పోకు."

ఉన్నాడు. జోలికి పోయాను.

అమ్మా, నన్ను ఈ శిబిరానికి వేశారని నీకు రాశాను. అది అబద్ధం. ట్రైనింగ్ అయ్యాక పట్నం ఆసుపత్రిలో ఖాళీ ఉందన్నారు. నేనే అడిగి ఇక్కడికి వేయించుకున్నాను. మా ఊరివాళ్ళు, మా భాషవాళ్ళు ఉన్నారని కాగితంలో రాశాను. మనసులో ఉన్నది మాత్రం ఆ మనిషి ఒక్కడే. నీ పెంపకం కాబట్టి ఇక్కణ్ణించి "ఆయన" అనే రాస్తాను. లోపల అనుకునే మాట వేరు.

నీకు తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను. ఈ ఉత్తరం చెల్లి చదివితే, నేనేదీ మరిచిపోలేదని దానికి తెలియాలి. రెండేళ్ళ క్రితం, దానికి పదిహేడప్పుడు, ఈ క్లినిక్‌లోనే రక్తం చూసి హెచ్‌ఐవీ ఉందన్నారు. మన ఊరు వదిలి ఈ శిబిరానికి పారిపోయి వచ్చే దారిలో దానికేం జరిగిందో మన ముగ్గురికే తెలుసు. మాత్రలిచ్చారు, రోజూ వేసుకుంటే నిండు నూరేళ్ళూ బతుకుతావన్నారు. బలానికి పిండి కూడా ఇచ్చారు, పచ్చ సంచిలో. దయతోనే ఇచ్చారు. కానీ ఆ సంచి ఆ జబ్బున్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఇచ్చేవాళ్ళు కాదు. నెల తిరక్కుండానే శిబిరంలో పసిపిల్లలకి కూడా తెలిసిపోయింది, ఆ సంచి అంటే ఏమిటో.

అప్పుడు రేషన్ వరుస దగ్గర మైకు పట్టుకున్నది ఆయన. అందరూ మైకు మామ అంటారే, ఆయనే. "పచ్చ సంచి వాళ్ళు పక్కకి రండి, జనంలో కలవకండి. పన్నెండో వరుస, మూడో గది అమ్మాయీ, నీకే చెప్పేది." మర్నాడు పంపు దగ్గర మన బిందె విడిగా పెట్టారు. మూడోరోజు మన గది తలుపు మీద బొగ్గుతో గీత పడింది. చెల్లి నాలుగు నెలలు మాత్రల్ని కాలవలో పారబోసింది. మీరిద్దరూ ఇంకో శిబిరానికి వెళ్ళిపోయారు, నేను ట్రైనింగ్‌కి పోయాను. ఆయన మాత్రం మైకుతోనే ఉన్నాడు.

నేను వచ్చేసరికి ఇక్కడ పరిస్థితి ఏమిటంటే, పదిహేను నుంచి పాతికేళ్ళ లోపు పిల్లలు మూడు వేలమంది ఉంటే, ఆ నెలలో పరీక్షకి వచ్చినవాళ్ళు ఏడుగురు. అందులో ఇద్దరు పళ్ళ డాక్టరనుకుని వచ్చారు. డాక్టరుగారు గోడలకి బొమ్మలు అంటిద్దామన్నారు. నేను కుట్టుపని నేర్చుకునే అమ్మాయిల దగ్గర కూర్చుని, ఎందుకు రారని అడిగాను. ఒకమ్మాయి మిషను ఆపకుండానే చెప్పింది. "జబ్బొస్తే చచ్చేది ఎప్పుడో కదక్కా. సంచి వస్తే ఆ రోజే."

ఆ మాట తీసుకెళ్ళి నర్సమ్మ బల్ల మీద పెట్టాను. గడప దాటి లోపలికి వచ్చిన ప్రతివాళ్ళకీ పచ్చ సంచి ఇద్దామన్నాను. జబ్బున్నా లేకున్నా, పరీక్ష చేయించుకున్నా, ఉత్తినే మాట్లాడి పోయినా. లోపల సబ్బు, పిండి, కండోమ్‌లు. మాత్రలు కావలసినవాళ్ళకి అవి అడుగున పడతాయి, పైనుంచి చూస్తే ఎవరిదేదో తెలియదు. నర్సమ్మ ఒప్పుకుంది. "ఈ సంగతి జనానికి ఎవరు చెప్తారే?" అంది.

"మైకు మామ చెప్తాడు. ముందుగా ఆయనే పరీక్ష చేయించుకుంటాడు, అందరూ చూస్తుండగా" అన్నాను.

నర్సమ్మ మంచి ఆలోచన అనుకుంది. మంచిదే. కానీ నేను మంచికి అనలేదు.

ఆయన చప్పట్ల మధ్య వచ్చాడు. ముఖానికి మాస్కు ఉంది కాబట్టి నన్ను పోల్చుకోలేదు. "కానియ్యి అమ్మాయ్. నాకేం భయం, నిప్పులాంటి మనిషిని" అన్నాడు. వేలు గుచ్చాను. చుక్క రక్తం పరీక్ష పట్టీ మీద వేశాను. పావుగంట ఆగాలి. ఒక గీత వస్తే లేనట్టు. రెండొస్తే ఇంకో పరీక్షతో నిర్ధారణ చేసుకోవాలి.

పావుగంటకి ఒక్క గీతే వచ్చింది.

అమ్మా, ఇప్పుడు చెప్పబోయేది నర్సమ్మకి చెప్పాక నీకు చెప్తున్నాను. ఆ గీత చూసి, పట్టీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. గోడ గడియారం ప్రకారం ఇంకో పది నిమిషాలు.

"ఏమైందమ్మా?" అన్నాడు.

"ఆగండి."

"పావుగంటన్నావుగా?"

"కొందరికి ఎక్కువ పడుతుంది."

ఆయన మెడ మీద చెమట పోసింది. కిటికీలోంచి బయట నిలబడ్డ నలభైమంది పిల్లల్ని చూశాడు. గొంతు తగ్గించి, "తల్లీ, ఒక్క ఉపకారం చెయ్యి. నాకా సంచి వద్దు. సంచి లేకుండా పంపించెయ్యి" అన్నాడు.

"సంచి అందరికీ ఇస్తారని పొద్దున మైకులో మీరే కదా చెప్పారు."

"చెప్పాను. ఎవడు నమ్ముతాడే?"

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు. నీ దగ్గర దాచను. అప్పుడు మాస్కు దించాను. "మీకు లేదు. మూడు నెలల తర్వాత ఇంకోసారి చూపించుకోండి" అన్నాను. ఆయన నా ముఖంకేసి చూశాడు. "నువ్వు పన్నెండో వరుస..." అన్నాడు. "మూడో గది" అన్నాను, సంచి చేతిలో పెట్టాను.

ఆయన బయటికి వెళ్ళేసరికి ముఖం సున్నం కొట్టినట్టుంది. పిల్లలు ఆ ముఖాన్నీ సంచినీ చూసి ఏమనుకోవాలో అదే అనుకున్నారు. సాయంత్రానికి శిబిరమంతా పాకింది. మర్నాడు పంపు దగ్గర ఆయన బిందె విడిగా ఉంది. నేను ఆ దారినే రెండుసార్లు నడిచాను, పనిలేకపోయినా.

ఆయన పరుగున వచ్చాడు. "నాకు లేదని నువ్వొక్క మాట చెప్పు. మైకు తెచ్చాను" అన్నాడు.

"ఎవరి ఫలితం ఎవరికీ చెప్పకూడదండీ. రూలు" అన్నాను.

"నాదే కదా, నేనే చెప్పమంటున్నాను కదా."

"మీరే చెప్పుకోండి. మైకు మీదే."

రెండు రోజులు చెప్పుకున్నాడు. "నాకు లేదు, నాకు లేదు" అని. ఎంత అరిస్తే జనం అంత దూరం జరిగారు. నాకు అన్నం రుచిగా ఉంది. కానీ క్లినిక్‌కి మాత్రం ఒక్కరూ రాలేదు. మైకు మామ గతి చూశాక ఎవరొస్తారు? మూడోరోజు సాయంత్రం బల్ల ముందు ఒంటరిగా కూర్చుంటే తెలిసింది, నేను ఆయన ఒక్కడికే పెట్టాననుకున్న వాత మూడు వేలమందికి తగిలిందని. వాళ్ళలో ఎంతమందికి జబ్బుందో, ఎంతమందికి మాత్రలు అందాలో. మన చెల్లి ఈడువాళ్ళే అందరూ. లేచి వెళ్ళి నర్సమ్మకి ఆ పది నిమిషాల సంగతి చెప్పేశాను.

నర్సమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నెల రోజులు సూది ముట్టుకోకు. వచ్చినవాళ్ళకి కుర్చీ వెయ్యి, నీళ్ళివ్వు" అంది. అదే చేస్తున్నాను. ఆయన దగ్గరికి కూడా తనే వెళ్ళి, నేను చేసిన తప్పు చెప్పి వచ్చింది.

నాలుగోరోజు రేషన్ వరుస దగ్గర ఆయన మైకు పట్టుకున్నాడు. మళ్ళీ అదే పాట అనుకుని పిల్లలు నవ్వారు. ఒకడు, "మామా, ఇంతకీ ఉందా లేదా?" అని అరిచాడు.

"ఉంటే నీకెందుకురా? లేకపోతే నీకెందుకురా? నీ బిందె నీది, నా బిందె నాది. నా బిందె పక్కకి జరిపినవాళ్ళు వచ్చి సూది పొడిపించుకోండి, అప్పుడు తెలుస్తుంది ఆ కుర్చీలో పావుగంటంటే ఎంతో" అన్నాడు. వేదాంతం కాదు, ఒట్టి ఉక్రోషం. కానీ వరసంతా గొల్లున నవ్వింది. ఆ సాయంత్రం కుట్టుమిషను అమ్మాయి ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఈ వారం అరవై రెండుమంది. అందరూ పచ్చ సంచులు ఊపుకుంటూ పోతున్నారు. ఎంతమందికి ఉందో నీకు కూడా చెప్పను.

నిన్న ఆయన మళ్ళీ వచ్చాడు. కుర్చీ వేశాను. కూర్చోలేదు. "మీ చెల్లెలి పేరు పెట్టి మైకులో క్షమాపణ చెప్పనా?" అన్నాడు.

చూశావా అమ్మా, బుద్ధి. "దాని పేరు ఆ మైకులో ఇంకోసారి వినపడితే మైకు తీగ కోసేస్తాను" అన్నాను. నిజంగానే కోస్తాను. అప్పుడు, వెళ్ళి స్వయంగా క్షమాపణ అడుగుతాను, అడ్రసివ్వమన్నాడు. ఇవ్వలేదు. ఆయన్ని క్షమించానని అనుకోకు. పొద్దున్నే ఆయన గొంతు వింటే ఇప్పటికీ నాకు పళ్ళు పటపటమంటాయి. కానీ ఆ పది నిమిషాల్లో దాని తరఫున పగ నేనే తీర్చుకున్నాను, దాన్ని అడగకుండా. ఆ పని ఇంకోసారి చెయ్యలేను.

అందుకని చెల్లిని నువ్వే అడుగు. ఆయన రావచ్చా, వద్దా. ఇక్కణ్ణించి వెళ్ళాక అది నాకు ఒక్క ముక్క రాయలేదు. ఈసారి దాని చేత్తోనే రాయించు, ఒక్క మాట చాలు. రమ్మంటే అడ్రసు ఇచ్చి నేను పక్కకి తప్పుకుంటాను. వద్దంటే ఆ కాగితం పట్టుకుని పట్టపగలు ఆయన గుమ్మం ముందు నిలబడి చదువుతాను. ఆ సంతోషం నాకు మిగల్చమని దానికి చెప్పు.

ఇట్లు,
నీ మాట వినని
పెద్దకూతురు