సుజాతకు బదులు ఎవరు?

బుధవారం, నస్పూర్

మా బాస్కెట్‌బాల్ జట్టుతో సుజాత ఒప్పందం ఈ నెలాఖరుకు అయిపోతుంది. ఆ తర్వాత తను ఏ జట్టుకు వెళ్లినా మా చేతికి ఏమీ రాదు. అందుకే ఇప్పుడే ఆమెను ఆసిఫాబాద్ జట్టుకిచ్చి, బదులుగా వాళ్ల పొడుగమ్మాయిని తీసుకుందామని మేనేజర్, నేను పొద్దంతా బేరీజు వేశాం. సాయంత్రం ఈ మాట ఎలా చెప్పాలా అని కోర్టు దగ్గర తటపటాయిస్తుంటే, సుజాతే వచ్చింది.

"నాకు ఎర్కే సార్. ఒక్కదాన్ని తీస్కొని ఊకోకుండ్రి, ఇద్దర్ని అడుగుండ్రి. జర నా మోకాలు నొప్పి సంగతి మాత్రం చెప్పకుండ్రి. చెప్తే ఇద్దర్ని ఇయ్యరు."

మోకాలు నొప్పి సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నాలుగేళ్లుగా రోజూ ఆమెను ఆడిస్తున్న కోచ్‌ని నేను.

కుడి మోకాలా, ఎడమదా? అదైనా అడగలేదు...