నూట నలభై మూడు కొలతలు

మార్చి 3, మంగళవారం

కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతదాన్ని అల్లుడుగారు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను కటింగ్ టేబుల్ దగ్గర కత్తెర పట్టుకుని ఉంటే వెనక గదిలోంచి మోసుకుపోయారు. ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోనే ఉన్నాయిగా అత్తయ్యగారూ, కంగారెందుకన్నారు. నిజమే, డ్రైవ్‌లోనే ఉన్నాయి. తెరుచుకోవడం లేదు, అంతే.

ఫోల్డర్ మీద నొక్కితే "యాక్సెస్ డినైడ్" అంటుంది. ఎవరికి? నాకు! పదిహేడేళ్లుగా నేను గీసిన ప్యాటర్న్‌లు నాకే చూపించదట.

మార్చి 4

నేను రెడీమేడ్ సరిపోని వాళ్లకు కుడతాను. ఒక భుజం కిందికి ఉన్నవాళ్లు, ఒక చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్లు, వీల్‌చైర్‌లో కూర్చునేవాళ్లు. నిలబడేవాళ్లకు కత్తిరించిన చొక్కా కూర్చునేవాళ్లకు పొట్ట దగ్గర గుట్ట పడుతుంది. ఆ సంగతి షాపులవాళ్లకు పట్టదు. నాకు పడుతుంది. మొత్తం నూట నలభై మూడు మంది. ఒక్కొక్కరికి ఒక ఫైల్. మొదటిది మా అమ్మది. టేపు పట్టుకునే ముందు అందరికీ ఒకటే మాట ఇస్తాను, ఈ అంకెలు నేను తప్ప ఇంకెవరూ చూడరని.

మధ్యాహ్నం వకీలమ్మ ఫోన్ చేసింది. ఈ నెల ఇరవై మూడున జడ్జిగా ప్రమాణం చేస్తోందట. కొత్త నల్లకోటు కావాలి. ఆమె వెన్ను ఒక పక్కకు వంగి ఉంటుంది, కుడి భుజం దిగిపోతుంది. మూడేళ్ల కిందట కుట్టిన కోటు పదకొండు ట్రయల్స్ వేస్తే గానీ కుదరలేదు. కొత్తదానికీ అదే కుడి భుజం కావాలంది. అందులో ఏదో గట్టిగా ఉంటుందట. వాదనకు లేచే ముందు దాన్ని ఒకసారి తడుముకుంటే ధైర్యంగా ఉంటుందట. నా ప్యాడ్‌లు అలాగే ఉంటాయి మరి, అని గొప్పలు పోయాను.

ఫైల్ తెరుచుకోవడం లేదని మాత్రం చెప్పలేదు.

మార్చి 6, ఉదయం

సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. అతను డ్రైవ్ పెట్టి రెండు నిమిషాలు చూశాడో లేదో, లాభం లేదమ్మా, ఫార్మాట్ చేసేస్తే కొత్తదానిలా పనిచేస్తుంది అన్నాడు. వేలికి సూది గుచ్చుకుందని వస్తే చెయ్యి తీసేస్తావా నాయనా అన్నాను. నవ్వాడు. నవ్వుతూనే మౌస్ ఆ బటన్ దగ్గరికి జరుపుతున్నాడు. వైరు పట్టుకుని లాగేశాను.

అలా లాగకూడదు, సేఫ్‌గా తీయాలి అన్నాడు. సేఫ్ గురించి నువ్వు నాకు చెప్పకు అన్నాను. క్యూలో ఉన్నవాళ్లంతా చూశారు. చూడనీ.

మార్చి 7

నేనే కూర్చున్నాను. నెట్‌లో చదవడం, ఒక్కొక్కటే నొక్కడం. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. అక్కడ "ఓనర్" అని ఒక గడి. అందులో నా పేరు లేదు. Sతో మొదలయ్యే బారెడు నంబరు ఉంది. పాత కంప్యూటర్‌లో నేనంటే ఆ నంబరేనట. కొత్తదానికి ఆ నంబరు ఎవరో తెలియదు.

ఒళ్లు మండింది. ఛేంజ్ నొక్కి నా పేరు కొట్టాను. లోపలి ఫోల్డర్లన్నిటికీ వర్తించాలని టిక్ పెట్టాను. ఒక గీత మెల్లగా పాకుతూ పోయింది. పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోయింది.

ఫోల్డర్ తెరుచుకుంది! నూట నలభై మూడు పేర్లూ పైకి చదివాను. వకీలమ్మ పేరు మీద నొక్కాను.

యాక్సెస్ డినైడ్.

ఒక్కో ఫైల్ మూల చిన్న పసుపు తాళం బొమ్మ ఉంది.

మార్చి 8

ఆ తాళం వేసింది నేనే. గుర్తొచ్చింది.

మార్చి 9

మూడేళ్ల కిందటి సంగతి. అల్లుడుగారు భోజనానికి వచ్చి, నేను వంటింట్లో ఉండగా ఒక ఫైల్ తెరిచారు. ఎవరిదో నడుము కొలత మా అమ్మాయికి చదివి వినిపించి పకపకా నవ్వారు. నేను కంప్యూటర్ మూసి, ఏమీ అనకుండా అన్నం వడ్డించాను. వాళ్లు అటు వెళ్లగానే ఎన్‌క్రిప్ట్ అనే చోట టిక్ పెట్టాను. ఆ టిక్ పెడితే ఆ ఫైళ్లు ఆ కంప్యూటర్‌లోనే తెరుచుకుంటాయి. ఇంకోదాంట్లో కావాలంటే తాళంచెవి ఉండాలి. అదీ ఒక ఫైలే. దాన్ని దాచుకోమని కంప్యూటర్ పోరు పెడితే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను. గోరంత పెన్‌డ్రైవ్.

అమ్మాయి ఎక్స్ఛేంజ్ షాపుకు ఫోన్ చేసింది. పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా ఆ రోజే చెరిపేశారట. ఇక మిగిలింది పెన్‌డ్రైవ్ ఒక్కటే. ఎవరి చెయ్యీ పడని చోట దాచానని మాత్రం గుర్తుంది. అంత బాగా దాచాను. నా చెయ్యి కూడా పడటం లేదు.

మార్చి 11

గుండీల డబ్బాలు ముప్పై ఒకటి బోర్లించాను. దారం పెట్టెలు, మెషిన్ సొరుగులు, చీరల మడతలు, పిండి డబ్బా. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక చాలమ్మా, మళ్లీ కొలతలు తీసుకో అంది అమ్మాయి. ఒకరిద్దరివైతే తీసుకుంటాను. నూట నలభై మూడు మందివా? అందులో కొందరు ఇప్పుడు లేరు కూడా. అల్లుడుగారేమో స్టాండర్డ్ సైజు తీసుకుని భుజం దగ్గర సర్దితే ఎవరికి తెలుస్తుందన్నారు. స్టాండర్డ్ అనే మనిషి నాకింతవరకూ ఎదురుపడలేదు, మీకు కనిపిస్తే పంపండి, కుడతాను అన్నాను. మొహం మాడ్చుకుని టీ తాగకుండా వెళ్లారు.

ఆ టీ కూడా నేనే తాగాను.

మార్చి 13

వకీలమ్మకు నిజం చెప్పేశాను. మీ అంకెలు ఎవరూ చూడరని మాటిచ్చాను, ఇప్పుడు నేనూ చూడలేను అన్నాను. సిగ్గేసింది.

ఆమె కొలతలకు ఐదు నిమిషాలకు మించి నిలబడలేనంది. ఈ మధ్య నొప్పి పెరిగిందట. పాత కోటు విప్పేసి దాని మీద గీసుకోమంది. కుదరదన్నాను. ఆమె ఒంటికి సరిపోయే కోటు లోకంలో అదొక్కటే. విప్పాక నావల్ల కాకపోతే ఆ రోజు ఏం వేసుకుంటుంది?

కోటు తనది, భుజం తనది, కాబట్టి నిర్ణయమూ తనదే అంది. వకీళ్లతో వాదన పెట్టుకోకూడదు. ఆదివారం తెస్తానంది.

మార్చి 15, ఆదివారం, ఉదయం 11

లైనింగ్ విప్పాను. చెయ్యి విప్పాను. కుడి భుజం దగ్గర ఆగాను. వకీలమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. కానివ్వమన్నట్టు తలూపింది.

మామూలు ప్యాడ్‌కు మూడు పొరలు వేస్తాను, ఆమెకు ఆరు. మూడో పొరకూ నాలుగో పొరకూ మధ్య కత్తెర దేనికో తగిలి ఆగింది. ప్లాస్టిక్ ముక్కలో చుట్టి, చుట్టూ టాకాలు వేసి ఉంది. టాకాలు నావే, చూస్తే తెలిసిపోతుంది.

పెన్‌డ్రైవ్.

అప్పుడు వెలిగింది. దాన్ని ప్యాడ్‌ల డబ్బాలో, సగం కుట్టిన ప్యాడ్ మధ్యలో పెట్టి కుట్టేశాను. భుజం ప్యాడ్‌ను ఎవరు ఎత్తుకుపోతారు? వారం తిరిగేసరికి నేనే ఎత్తి ఈమె కోటులో పెట్టాను. నూట నలభై మూడు మంది తాళంచెవి మూడేళ్లుగా కోర్టుకు వెళ్లివస్తోంది. డ్రైక్లీనింగ్‌కు కూడా.

ఇద్దరం నవ్వలేక చచ్చాం.

12:20

పాస్‌వర్డ్ అడిగింది. దానికి వెతుక్కోనక్కర్లేదు. అమ్మ భుజాలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. పద్నాలుగు, పంతొమ్మిది, ఇరవై ఒకటి. ఆ రెండంగుళాల తేడాను అమ్మ జన్మంతా పైటకొంగు కింద దాచుకుంది. నేను జాకెట్ కుట్టిచ్చిన రోజు కొంగు తీసేసి వీధిలోకి వెళ్లింది.

తెరుచుకుంది. ఏడ్చాను.

వకీలమ్మ కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంది. తను వెళ్లేదాకా తన ఫైల్ తప్ప ఇంకోటి తెరవొద్దంది.

మార్చి 17

అల్లుడుగారు వచ్చారు. తాళంచెవి తన క్లౌడ్‌లో పెడతానన్నారు. అక్కర్లేదన్నాను. మూడేళ్లుగా గొంతులో ఉన్నది కూడా అనేశాను. ఆ రోజు మీరు నవ్వింది నాకు నచ్చలేదు, అందుకే తాళం వేశాను, రేపైనా మళ్లీ వేస్తాను. ఆయనకు గుర్తే లేదట. చొక్కా కాలర్ సర్దుకున్నారు. తర్వాత, తనకూ ఏ చొక్కా సరిగ్గా కూర్చోదని నెమ్మదిగా అన్నారు.

టేపు తీశాను. ఎడమ భుజం ముప్పావు అంగుళం కిందికి ఉంది. నూట నలభై నాలుగో ఫైల్. ఎవరికీ చెప్పను.

మార్చి 20

కోటు ట్రయల్. వెన్ను కుదిరింది, చేతులు కుదిరాయి. వకీలమ్మ అద్దంలో చూసుకోలేదు. కుడి భుజం తడుముకుని, ఏదో తక్కువైందంది.

మార్చి 23

ప్రమాణం అయింది. కోటు జారలేదు. మైకు ముందుకు వెళ్లే ముందు ఆమె చెయ్యి కుడి భుజం మీదికి వెళ్లింది.

తాళంచెవికి ఒక కాపీ నా దగ్గర ఉంది. రెండోది జడ్జిగారి దగ్గర ఉంది. కావలసినవాళ్లు వెళ్లి అడగవచ్చు.