గేదె వచ్చింది, ఆమె వచ్చింది

జూన్ 14, శుక్రవారం

కొత్త టీచరు దిగింది. పుల్లలా ఉంది, భుజానికి గోనెసంచి లాంటి బ్యాగు. జీవన నైపుణ్యాలు చెబుతుందట. బతకడం కూడా పీరియడ్ పెట్టి నేర్పే రోజులొచ్చాయి.

వచ్చీ రాగానే తొమ్మిదో తరగతి బెంచీలన్నీ గుండ్రంగా తిప్పించింది. ఆ తర్వాతి పీరియడ్ నాది, వ్యాకరణం. నేను వెళ్లేసరికి సగం మంది నాకు వీపు పెట్టి కూర్చున్నారు. బెంచీలు మళ్లీ వరసలో పెట్టించేసరికి ఆ గీకుడుకి పళ్లు జివ్వుమన్నాయి. ఏమిటమ్మా ఇది అని స్టాఫ్ రూమ్‌లో అడిగాను. గుండ్రంలో ముందు వరసా వెనక వరసా ఉండవు మేడమ్, అందరూ సమానం అంది. పిల్లలు తనని టీచర్ అనక్కర్లేదట, అక్కా అంటే చాలట. నాకు సొంత చెల్లెళ్లే ముగ్గురున్నారు. అక్కా అని పిలిచినవాళ్ల వల్ల ఇంతవరకు నేను బాగుపడింది లేదు.

దానికి గుండ్రమ్మ అని పేరు పెట్టాను. లెక్కల టీచరు టీ మీద ఒలకబోసుకుని మరీ నవ్వింది.

జూన్ 18

నాకూ ఒక పేరుంది. గొళ్లెం. నా వెనక అంటారు, నాకు తెలియదనుకుంటారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ స్కూల్లో అమ్మాయిల బాత్రూమ్ తలుపులకి గొళ్లేలు లేవు. ఒకతి లోపలికి వెళితే ఇంకొకతి బయట తలుపుకి వీపు ఆనించి నిలబడేది. బడిలో ఉన్న ఆడపిల్లలందర్నీ తీసుకెళ్లి ఆఫీసు ముందు నేలమీద కూర్చోబెట్టాను. గొళ్లేలు బిగించేదాకా ఒక్కతీ లేవలేదు. అప్పటి హెడ్మాస్టరు ఆ తర్వాత నన్ను చూస్తే పక్క సందులోంచి పోయేవాడు. అప్పటికి గుండ్రమ్మ పుట్టి కూడా ఉండదు.

అదొచ్చి ఇవాళ నాకు స్త్రీవాద బోధన మీద ఒక హ్యాండవుట్ ఇచ్చింది. రెండు వైపులా చదివాను. గొళ్లెం అనే మాట ఎక్కడా లేదు.

జూన్ 27

తొమ్మిదో తరగతికి క్రియలు మొదలుపెట్టాను. బోర్డు మీద రాశాను. వాడు వచ్చాడు. ఆమె వచ్చింది. గేదె వచ్చింది. మగవాడిని చెప్పేది మహద్వాచకం, మహత్తు అంటే గొప్పది అని చెప్పాను. పిల్లలు బుద్ధిగా దించుకుంటున్నారు.

మూడో బెంచీలో ఒకతి ఉంది. ఏం చెప్పినా ఎందుకు అంటుంది, అందుకని ఎందుకమ్మ అని నేనే పేరు పెట్టాను. తల్లి లేదు. లాండ్రీ నడిపే మేనత్త ఇంట్లో ఉంటుంది, బడికి రాకముందూ బడి నుంచి వెళ్లాకా ఇస్త్రీ చేస్తుంది. కుడి మణికట్టు మీద ఎప్పుడూ ఏదో ఒక కాలిన మచ్చ. ఆ పిల్ల లేచి, ఆమెని గేదెతో ఎందుకు కలిపారు టీచర్ అని అడిగింది. గేదె పాలిస్తుంది, నువ్వేమిస్తావ్, నీతో కలిపినందుకు బాధపడాల్సింది గేదె అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది.

అది నవ్వలేదు. కూర్చోలేదు కూడా. మరి ఆడవాళ్లు వచ్చారు అంటాం కదా, అంటే ఆడది ఒక్కతే ఉంటే గేదె, పదిమంది కలిస్తేనే మనుషులా అంది.

జుట్టు నెరిసేదాకా ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. కూర్చో అన్నాను. ఇంటికొచ్చాక కూడా అరికాలిలో ముల్లులా అదే కలుక్కుమంటోంది. తొమ్మిదో తరగతి పిల్ల. వేలెడంత లేదు.

జూలై 3

సంగతి గుండ్రమ్మ చెవిన పడింది. ఎగిరి గంతేసింది. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి చర్చ పెట్టింది. ఇక నుంచి ఏ ఆడమనిషి గురించి చెప్పినా చివర రు పెట్టాలని తీర్మానం. ఆమె వచ్చారు. అత్త తిట్టారు. చెల్లెలు ఏడ్చారు. అర్ధ సంవత్సరం పరీక్షలో కూడా అందరూ ఇలాగే రాయాలట. ఒకరి చేతి మీద ఒకరు చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు. గుండ్రమ్మ ఫోటో తీసింది.

సాయంత్రం వరండాలో పిల్లలు ఆయాని చూసి, ఆయా ఊడుస్తున్నారు అని ఒకరికొకరు గట్టిగా చెప్పుకున్నారు. వెక్కిరిస్తున్నారనుకుని ఆయా చీపురు తిరగేసింది. నేను కడుపుబ్బా నవ్వాను.

జూలై 4

మా ఆయన ఫోన్‌లో ఎవరితోనో, అది ఇంకా స్కూలు నుంచి రాలేదు అంటున్నారు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను.

ఆగస్టు 9

హెడ్మాస్టరు గారు అసెంబ్లీలో చెప్పారు. పెద్ద ఊళ్లో ఉన్న హాస్టల్ స్కూలు మా దగ్గర్నుంచి ఒక్క అమ్మాయిని తీసుకుంటుంది. చదువు, తిండి, పడక అన్నీ వాళ్లవే. అర్ధ సంవత్సరం మార్కుల్లో ఎవరు ముందుంటే వాళ్లని పంపుతారు.

ముందుండేది ఎవరో అందరికీ తెలుసు. ఎందుకమ్మే. దాని తర్వాత తలూపుడు పిల్ల. మనం ఏం చెప్పినా, తిట్టినా సరే, తల ఆడిస్తూనే ఉంటుంది.

మేనత్త నా బట్టలు ఇచ్చేటప్పుడు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. సీటొస్తే పంపేస్తుందట, ఒక నోరు తగ్గుతుందట. రాకపోతే బడి మాన్పించి షాపులో నిలబెడుతుందట, తన నడుం ఇక వంగడం లేదట. పిల్ల పక్కనే ఉంది. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు సర్దుతూ అన్నీ వింటోంది. నేను లేచి వచ్చేటప్పుడు, టీచర్ నాకు వస్తుంది కదా అని అడిగింది. మొదటిసారి ఎందుకు అని కాకుండా వేరే మాట అడిగింది. చదువుకో అన్నాను.

సెప్టెంబర్ 20

తండ్రులు హెడ్మాస్టరు గారి మీద పడ్డారు. ఇంట్లో పిల్లలు, అమ్మ అన్నం పెట్టారు, నాన్న తిన్నాడు అంటున్నారట. మర్యాద తిరగబడిందని వాళ్ల బాధ. హెడ్మాస్టరు గారు గుండ్రమ్మని పిలిచి, నీది టెంపరరీ ఉద్యోగం అని గుర్తు చేశారు. పరీక్ష పేపర్లో ఒక్క రు కనిపించినా మూటాముల్లె సర్దుకోమన్నారు.

అది మధ్యాహ్నమంతా బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చింది. నేను పెట్టించిన గొళ్లెం వేసుకుని.

సెప్టెంబర్ 23, పరీక్ష ముందు రోజు

గుండ్రమ్మ బెంచీలు వరసలోనే ఉంచి క్లాసు తీసుకుంది. మనం చేసింది కేవలం చర్చ, పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయండి అందట. పిల్లలు హమ్మయ్య అనుకున్నారట. తలూపుడు పిల్ల తల ఊపింది.

ఎందుకమ్మ రాలేదు. ఏదో లాడ్జి వాళ్ల దుప్పట్లన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయట, మేనత్త ఆపేసింది.

రేపు ఆ హాల్లో డ్యూటీ నాదని గుండ్రమ్మకి తెలుసు. నా దగ్గరికొచ్చి, మేడమ్, ఆ పిల్లకి మీరే ఒక మాట చెప్పండి, నేను రేపు వేరే బ్లాకులో ఉంటాను, ప్లీజ్ అంది. చేతులు పట్టుకుంది. తడిగా ఉన్నాయి. సరే అన్నాను.

సెప్టెంబర్ 24

చెప్పలేదు.

ఎందుకమ్మ గంట కొట్టకముందే వచ్చింది. నాకు నమస్తే పెట్టింది. చెప్పడానికి బోలెడు టైముంది. మణికట్టుకి గుడ్డ చుట్టుకుని ఉంది, ఏమైందని కూడా అడిగాను. కాలిందంది. జాగ్రత్త అన్నాను. అంతే, లోపలికి పంపాను.

పరీక్ష మొదలయ్యాక దాని బెంచీ పక్కగా నడిచాను. వ్యాసం మా ఇల్లు. మొదటి వాక్యం మా అత్త పొద్దున్నే లేస్తారు. అప్పుడైనా వంగి చెవిలో ఒక ముక్క అనొచ్చు. హాల్లో మాట్లాడకూడదని రూలు ఉంది. రూలు సాకు, నాకూ తెలుసు. నాకు కోపం. నాకు తట్టనిది దానికి తట్టినందుకు కోపం. మేము నేలమీద కూర్చుని గెలుచుకున్నదాన్ని గుండ్రమ్మ ఫోటోలు తీసి గెలవాలనుకున్నందుకు కోపం. ఈ గుండ్రం పాఠం ఎంత దూరం పోతుందో చూద్దామనిపించింది. చూశాను.

బయటికెళ్లేటప్పుడు అది నవ్వుతూ వెళ్లింది. బాగా రాశానంది.

అక్టోబర్ 1

పేపర్లు దిద్దుతున్నాను. గదిలో కిటికీ దగ్గర, ఎర్ర పెన్నుతో.

ఒట్టు పెట్టుకున్న క్లాసులో ఇంతవరకు ఒక్కరు కూడా రు రాయలేదు. తలూపుడు పిల్ల పేపరు అచ్చు గుద్దినట్టు పుస్తకమే. ఎందుకమ్మ పేపరు వచ్చింది. అత్త తిట్టారు. చెల్లెలు ఏడ్చారు. పక్కింటి పాప పడిపోయారు. అమ్మగారు వచ్చారు అని మనం అనమా? అంటాం. అది తప్పు కాదు. నేనే కొన్నింటిని గౌరవార్థం అని వదిలేయొచ్చు, ఏ దేవుడూ అడగడు. వదల్లేదు. ఒక్కో రుకి అర మార్కు.

చివరి పేరాలో మా అమ్మ చనిపోయారు అని ఉంది.

పెన్ను ఆగింది. లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. ఒకచోట వదిలితే అన్నిచోట్లా వదలాలి. దాని చుట్టూ కూడా సున్నా చుట్టాను.

అందరూ రాసి ఉంటే రాశారు అనేదాన్ని. ఒక్కతే రాసింది.

అక్టోబర్ 8

బోర్డు మీద తలూపుడు పిల్ల పేరు పెట్టారు. తేడా అర మార్కు. పేపర్లో రు సంగతి హెడ్మాస్టరు గారి దాకా పోలేదు, ఆయన చూసేది మార్కుల పట్టీయే.

ఎందుకమ్మ ఎంపిక కాలేదు. వాడు రాలేదు, ఆమె రాలేదు, గేదె రాలేదు. లేదు అనే చోట మాత్రం మన భాషలో అందరికీ ఒకటే క్రియ. రేపు పదో తరగతికి ఇది చెప్పాలి, బాగుంటుంది.

అది ముందు తలూపుడు పిల్ల పేపరు తీసుకుని చూసింది. తర్వాత మిగతావాళ్లవి చూసింది. తర్వాత గుండ్రమ్మ దగ్గరికి పోయింది. గుండ్రమ్మ ఏం చెప్పి ఉంటుందో ఊహించుకోవచ్చు, నేను మేడమ్‌తో చెప్పి పంపానుగా అని ఉంటుంది. చేతులు కడుక్కోవడం కూడా ఒక నైపుణ్యమే.

పిల్ల స్టాఫ్ రూమ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను పెన్ను మూత పెట్టి, కుర్చీ తిప్పి, సిద్ధంగా కూర్చున్నాను. జవాబు కూడా తయారుగా ఉంది. పాఠం పాఠమే, పరీక్ష పరీక్షే. నావైపు చూసింది. ఎందుకు అని అడుగుతుందనుకున్నాను.

అడగలేదు. వెళ్లిపోయింది.

అక్టోబర్ 9

రాలేదు.

అక్టోబర్ 14

రాలేదు. మూడో బెంచీలో మిగిలినవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. ఖాళీ కనపడదు.

నవంబర్ 28

గుండ్రమ్మ ఉద్యోగం పర్మినెంట్ అయింది. దానికి ఊపు తెచ్చింది పోయిన వారం జరిగిన సెమినారు. ఎక్కడెక్కడి నుంచో టీచర్లు వచ్చారు. తరగతి గదిలో స్త్రీవాదం, ఒక ప్రయోగం అని స్లైడ్లు వేసి మాట్లాడింది. పిల్లలే భాషని ప్రశ్నించారంది. ఒంటరి ఆడదీ మనిషేనని ఓ చిన్న పిల్ల తనకి నేర్పిందని గొంతు జీర పోయేలా చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోందని ఒకామె అడిగింది. కుటుంబ కారణాల వల్ల చదువు ఆపిందంది.

ఆఖరి స్లైడ్ ఒట్టు ఫోటో. ఒకదాని మీద ఒకటి చేతులు. అన్నిటికీ కింద ఉన్న చెయ్యి మణికట్టు మీద కాలిన మచ్చ. తెర మీద అది నా తలకాయంత ఉంది.

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాలుగు కుర్చీల అవతల హెడ్మాస్టరు గారు నాకంటే గట్టిగా కొట్టారు.

టీ దగ్గర గుండ్రమ్మ నా పక్కకొచ్చి, మీరు ఆ రోజు చెప్పడం మర్చిపోయారు కదా మేడమ్, ఫర్వాలేదు, ఎవరికీ అనలేదు అంది. మర్చిపోలేదు అన్నాను. బిస్కెట్ సగం కొరికినది అలాగే పట్టుకుని నా మొహం చూసింది.

డిసెంబర్ 5

ఇస్త్రీ బట్టలు మా ఆయన్ని తెమ్మన్నాను. మీరు తేలేరా అన్నాను. నువ్వు ఎప్పుడూ వెళ్లేదానివి కదా, ఎందుకు అన్నారు.

జనవరి 6

లాండ్రీకి వెళ్లాను. ఆ పిల్ల ఒక్కరే ఉన్నారు. నా బట్టలు మడతపెట్టి ఇచ్చారు. ఏమీ అడగలేదు.

తప్పులున్నాయి. దిద్దను.